ఉబ్బసముతో ఆడి గెలిచినవాడు

బిడ్డకు ఉబ్బసమని వైద్యుడు చెప్పిన దినమున తల్లి మనస్సులో మొదట పుట్టు ఆలోచన యొక్కటే: ఇక వీనిని పరుగెత్తనీయరాదు. ఆనాటినుండి బంతి అటుకపై కెక్కును. పిల్లవాడు అరుగుమీద కూర్చుండి వీధిలో నాడు తోటివారిని చూచుచుండును. ఆడపిల్ల యైనచో వేరొక భయము కూడ తోడగును. ఈ సంగతి నలుగురికి తెలిసిన యెడల పిల్లకు సంబంధము కుదురునా యని పెద్దలు గుసగుస లాడుదురు. అందుచే జబ్బు పేరును మరుగుపడును, మందును మరుగుపడును. ఈ భయములు రెండును ప్రేమనుండి పుట్టినవే. కాని రెండును బిడ్డకు మేలు చేయునవి కావు. ఇందుకు నిదర్శనముగా మన హైదరాబాదు యువకు డొకని చరిత్రమును సోదరీమణులకు విన్నవింప దలచితిని.

పారుపల్లి కశ్యప్ 1986వ సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీన హైదరాబాదులో జన్మించెను. 11వ యేట ఎస్. ఎం. ఆరిఫ్ గారి శిక్షణలో బ్యాడ్మింటన్ నేర్వ నారంభించెను. తండ్రిగారి ఉద్యోగమునుబట్టి కుటుంబము బెంగుళూరునకు మారగా, అచ్చట ప్రకాశ్ పదుకొనే అకాడమీలో అభ్యాసము సాగించెను. 2004లో వారు తిరిగి హైదరాబాదు చేరిరి. ఆ కాలముననే యాతని శరీరము మాట వినకుండెను. పరీక్ష చేయింపగా ఉబ్బసమని తేలినది. అప్పటి కాతనికి 18 ఏండ్లు నిండలేదో, అప్పుడే నిండెనో యను వయస్సు. తన ఆట అంతటితో ముగిసినదనియే యాతడు తలచెను.

ఆ తలపు అకారణమైనది కాదు. బ్యాడ్మింటన్ చూచుటకు సుకుమారమైన ఆట. ఆటలో వాడు ఈకలబంతి 5 గ్రాముల కంచులలో తూగును. 16 ఈకలను గుచ్చి దానిని చేయుదురు. కాని యాడువానికి అది మిక్కిలి కఠినమైనది. 13.4 మీటర్ల పొడవు గల ఆటస్థలములో తన సగమున ముందునకు, వెనుకకు, ప్రక్కలకు ఉరుకుచు, ఎగురుచు, వంగుచు గంటసే పాడవలెను. కొంచెము గాలి వీచినను ఈకలబంతి దారి తప్పును గనుక తలుపులు మూసిన శాలలోనే పోటీలు జరుగును. ఊపిరి చాలనివానికి ఇంతకంటె కఠినమైన పరీక్ష వేరొకటి అరుదు.

ఇక ఉబ్బసమనగా నేమో కొంచెము తెలిసికొందము. ఊపిరితిత్తులలోనికి గాలిని గొనిపోవు గొట్టములు చెట్టుకొమ్మలవలె చీలి చీలి సన్నపడుచుండును. ఉబ్బసము గలవారికి ఈ గొట్టముల లోపలి పొర, బాధ తెలియని దినములలో కూడ, కొంత వాచియే యుండును. దుమ్ము, పొగ, జలుబు, చలిగాలి, పుప్పొడి, వీనిలో తనకు పడని దేదైన తగిలినంతనే గొట్టముల చుట్టునున్న కండరములు బిగిసికొనును, లోపల కఫము చేరును, దారి యిరుకగును. అప్పుడు పీల్చిన గాలి వెలుపలికి వచ్చుట కష్టమగును. పిల్లికూతలు వినవచ్చుట ఇందువలననే. ఇది అంటువ్యాధి కాదు. కొన్ని కుటుంబములలో వంశమున వచ్చుచుండును. ఐనను తల్లి తినిన తిండివలననో, నీళ్లలో నానుటవలననో వచ్చినదని ఒకరి నొకరు నిందించుకొనుట కిందు తావు లేదు.

పరుగెత్తునపుడు ఉబ్బసమేల రేగును? ఊరక కూర్చున్నపుడు మనము ముక్కుతో గాలి పీల్చుదుము. ముక్కు ఆ గాలిని వెచ్చజేసి, తడిపి, దుమ్మును వడగట్టి లోనికి పంపును. పరుగెత్తునపుడు నోరు తెరచి పీల్చుదుము. అప్పుడు పొడిగాలి వేగముగా లోనికి పోయి గొట్టముల తడి నార్చివేయును, అవి ముడుచుకొనును. ఈ కారణము తెలిసినపుడు ఉపాయమును తెలియును. ఆటకు ముందు కొంతసేపు మెల్లగా నడచి, మెల్లగా పరుగెత్తి ఒడలు వేడెక్కించుకొనవలెను. వైద్యుడు చెప్పియున్నచో ముందుగనే మందు పీల్చుకొనవలెను. చలిగాలిలో ముక్కునకు నోటికి గుడ్డ కట్టుకొనవలెను. ఆట మానుట ఈ ఉపాయములలో లేదు.

కశ్యప్ చేసినదియు ఇదియే. నిరాశపడి కూర్చుండక వైద్యుల మందు స్వీకరించెను, ఆట విడువలేదు. పుల్లెల గోపీచంద్ గారి వద్ద శిష్యుడుగా చేరెను. 2005లో ఆంధ్రప్రదేశ్ తరపున జాతీయ జూనియర్ పోటీలలో బాలుర సింగిల్స్ విజేత యయ్యెను. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలో కాంస్య పతకము నందెను. 2012లో లండన్ ఒలింపిక్ క్రీడలలో క్వార్టర్ ఫైనల్ వరకు పోయెను. పురుషుల బ్యాడ్మింటన్‌లో అంతవరకు ఏ భారతీయుడును ఒలింపిక్స్‌లో ఆ మెట్టు నెక్కి యుండలేదు. అక్కడ మలేసియాకు చెందిన లీ చాంగ్ వే చేతిలో నోడిపోయెను. ఆ సంవత్సరముననే యాతనికి అర్జున పురస్కారము లభించినది.

అటుపిమ్మట 2014వ సంవత్సరము ఆగస్టు 3వ తేదీన గ్లాస్గో నగరములో కామన్వెల్త్ క్రీడల తుదిపోటీ జరిగినది. ఎదుటివాడు సింగపూరునకు చెందిన డెరెక్ వాంగ్. మొదటి ఆట కశ్యప్ 21–14తో గెలిచెను. రెండవ ఆట 11–21తో పోయినది. ఇరువురును సమానముగా నిలిచి, కాళ్లు బరువెక్కి, ఊపిరి వేడెక్కిన మూడవ ఆటను 21–19తో గెలిచి స్వర్ణపతకము గైకొనెను. పురుషుల సింగిల్స్‌లో 1978న ప్రకాశ్ పదుకొనే, 1982న సయ్యద్ మోదీ గెలిచిన పిదప, 32 సంవత్సరములకు ఆ స్వర్ణము మరల మన దేశమునకు వచ్చినది. పది సంవత్సరములకు పూర్వము ఆట ముగిసినదని తలచినవాడే దానిని తెచ్చినవాడు.

ఈ కథ ఇక్కడనే ముగిసినదని చెప్పినచో అందముగా నుండును. కాని జీవితము అట్లు నడువదు. 2015లో ఇండొనేసియా పోటీలలో కశ్యప్ ప్రపంచమున ప్రథమ స్థానముననున్న చెన్ లాంగ్ నోడించెను. తరువాత కాలి గాయములు వెంట తగులుకొనెను. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడు భాగ్యము తప్పినది. గమనింపవలసినదేమన, ఆయన దారి కడ్డుపడినది కాలు గాని ఊపిరి కాదు. ఉబ్బసము ఆతనిని విడిచిపోయిన దనియు నేను చెప్పుట లేదు. ఉబ్బసము మాయమగుట వేరు, అదుపులో నుండుట వేరు. అదుపులో నున్నంతకాలము అది మనుష్యుని ఇంటిలో మూల కూర్చుండబెట్టజాల దనుటకే ఈ చరిత్రము సాక్ష్యము.

ఆతని గురువు చరిత్రమును ఇట్టిదియే. గోపీచంద్ గారికి 1994లో మోకాలు తీవ్రముగా దెబ్బతిన్నది. శస్త్రచికిత్సలు జరిగినవి. అట్టివాడు 2001లో ఆల్ ఇంగ్లండ్ విజేత యయ్యెను. దూరదేశమునుండి వేరొక ఉదాహరణము: అమెరికాకు చెందిన జాకీ జాయ్నర్ కెర్సీ అను వనితకు కళాశాలలో చదువుకొను దినములలో ఉబ్బసమని తెలిసినది. ఆటనుండి తొలగింతురను భయముచే ఆమె తొలుత శిక్షకులకు సైతము చెప్పక దాచుకొనెను. తరువాత చికిత్సను క్రమముగా స్వీకరించి, 1988లో సియోల్ ఒలింపిక్స్‌లో ఏడు క్రీడల పోటీయగు హెప్టాథ్లాన్‌లో 7291 అంకములు సాధించెను. ఆ లెక్కను నేటివరకు ఏ స్త్రీయు దాటలేదు. దాచినకాలమున ఆ వ్యాధి ఆమెను బాధించినది. ఒప్పుకొని మందు తీసికొనిన పిదప ఆమె ప్రపంచమును గెలిచినది.

మందు మాట వచ్చినది గనుక మన యిండ్లలో నున్న యొక అపోహను గూర్చి చెప్పవలెను. ‘పీల్చు మందు చెడ్డది, ఒకసారి పట్టుకొన్న విడువదు, జబ్బు ముదిరినవారికే దానిని ఇత్తురు’ అని అనేకులు నమ్ముచున్నారు. ఈ పీల్చు డబ్బీ పుట్టుకయే ఒక బాలిక ప్రశ్నవలన. 1955లో అమెరికాలో ఒక మందుల సంస్థ అధ్యక్షుడైన జార్జి మెయ్సన్ గారి కుమార్తెకు ఉబ్బసముండెను. ఆనాడు గాజుబుడ్డిని రబ్బరు తిత్తితో పిసికి మందును పీల్చవలసి యుండెడిది. జుట్టునకు చిమ్ముకొను పరిమళపు డబ్బీవలె నా మందు ఏల రాదని 13 ఏండ్ల యా పిల్ల తండ్రి నడిగెను. ఆ ప్రశ్న నాయన తేలికగా తీసివేయలేదు. 1956లో కొలత ప్రకారము మందు చిమ్ము డబ్బీ అంగడికి వచ్చినది. లోకమందలి కోట్లకొలది ఉబ్బస రోగుల చేతిలో నేడున్నది దాని సంతతియే.

ఇందు లాభమేమో లెక్క వేసికొని చూడుడు. సాల్బుటమాల్ అను మందు మాత్రగా మ్రింగినచో 2 మిల్లీగ్రాములు కడుపులోనికి పోయి, రక్తములో కలిసి, ఒడలంతయు తిరిగి ఊపిరితిత్తులను చేరవలెను. పీల్చినచో ఒక్క పీల్పునకు 100 మైక్రోగ్రాములు, అనగా మాత్రలో ఇరువదవ వంతు మాత్రమే, నేరుగా కావలసిన చోటికి పోవును. మందు తక్కువ, ఉపశమనము త్వరితము, గుండెదడ వంటి చిక్కులును తక్కువ. అంతర్జాతీయ పోటీలలో సైతము ఈ మందును పీల్చుటకు ఒక పరిమితివరకు అనుమతి కలదు.

పీల్చు మందులు రెండు తెరగులు. ఒకటి బిగిసిన గొట్టములను వెంటనే వదలించునది. రెండవది లోపలి వాపును దినదినము తగ్గించునది. రెండవదానియందే అసలు బలమున్నది. కాని తీసికొనిన వెంటనే గుణము తెలియదు గనుక చాలమంది దానినే మానివేయుదురు. బాగున్నది కదా యని మానివేసిన పది దినములకో, నెలకో మరల ఆయాసము వచ్చును. అప్పుడు మందు పనిచేయలేదని నింద. కేవలము వెంటనే వదలించు మందును మాత్రమే నమ్ముకొని యుండుట పెద్దలకును 12 ఏండ్లు దాటిన పిల్లలకును మంచిది కాదని 2019 నుండి ఉబ్బస నిపుణుల అంతర్జాతీయ సంస్థ చెప్పుచున్నది. చిన్నపిల్లలకు డబ్బీకి స్పేసరను గొట్టమును తగిలించి ఇచ్చినచో మందు వ్యర్థము కాదు. పీల్చిన పిదప నోరు పుక్కిలించి ఉమ్మివేయుట మరువరాదు.

మన తెలంగాణమున ఉబ్బసమనగానే చేప జ్ఞప్తికి వచ్చును. నల్లగొండ మండలమందలి చిట్యాల వంటి ఊళ్లలో జూన్ మాసపు తొలివారము దాటగానే, మృగశిర కార్తె ప్రవేశించు దినమున, చేపల అంగడి చుట్టు జనము మూగుదురు. ఎండలు తగ్గి వానలు దిగు ఆ సంధికాలమున చేప తినిన ఒంటికి వెచ్చదనము కలుగునని పెద్దల నమ్మకము. చేప తిననివారు ఇంగువను బెల్లముతో కలిపి ఉండ చేసి మ్రింగుదురు. ఆ దినముననే హైదరాబాదులో బత్తిని వంశీయులు ఉబ్బస రోగులకు చేపప్రసాదము పెట్టుచున్నారు. ఒక సాధువు 1845లో తమ పూర్వికునకు ఆ మందు చెప్పెనని వారి యిండ్లలో చెప్పుకొందురు. చిన్న కొర్రమట్ట పిల్ల నోటిలో పసుపుపచ్చని ముద్దనుంచి, సజీవముగనే రోగిచే మ్రింగింతురు. శాకాహారులకు బెల్లములో ఇత్తురు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానమునకు దూరదేశములనుండి కూడ జనము వచ్చుట కలదు.

ఇందు నమ్మకముతో పోవువారిని పరిహసించుట నా యభిమతము కాదు. ఊపిరి ఆడక రాత్రులు కూర్చుండి గడపిన బిడ్డను చూచిన తల్లి ఏ గుమ్మమైనను తొక్కును. కాని యొక మాట స్పష్టముగా చెప్పకతప్పదు. ఆ ముద్దవలన ఉబ్బసము నయమగునని శాస్త్రీయముగా ఋజువు కాలేదు. పసిబిడ్డ గొంతున చేప అడ్డుపడు ప్రమాదమును కలదు. అన్నిటికంటె మించిన కీడు, ప్రసాదము తీసికొంటిమి గదా యని వైద్యుని మందు మానివేయుట. పోదలచినవారు పోవచ్చును; పీల్చు డబ్బీని మాత్రము ఇంట విడిచి పోరాదు.

చేపను ఔషధముగా గాక ఆహారముగా చూచినచో దాని గొప్పతనము వేరు. కొర్రమట్ట మన తెలంగాణ రాష్ట్రపు చేప. నీటిలోని గాలి చాలక నీటిపైకి వచ్చి మనవలె గాలి పీల్చి పోవుట దాని స్వభావము; అందుచేతనే నీరు తగ్గిన చెరువులలో కూడ అది బ్రతుకును. దాని మాంసము గట్టిగా నుండును, ముండ్లు తక్కువ. పిల్లలకు పెట్టుటకు అనుకూలము. ముక్కలను ఉప్పు పసుపులతో రుద్ది కడిగి, ఉల్లి, అల్లము, వెల్లుల్లి వేగిన నూనెలో కారముతో కలిపి, చింతపండు పులుసు పోసి, వేయించిన మెంతులు జీలకర్రల పొడి చల్లవలెను. గరిటె పెట్టి త్రిప్పక గిన్నెనే పట్టుకొని కుదుపవలెను. లేనిచో ముక్కలు చెదరును. మరునాటికి పులుసు ముక్కలో దిగి జొన్నరొట్టెకు మరింత రుచి నిచ్చును.

చిట్యాలకు సముద్రము దూరమే. ఐనను ఊరి ముంగిట పోవు 65వ నెంబరు జాతీయ రహదారి విజయవాడ మీదుగా 250 కిలోమీటర్లకు పైగా సాగి మచిలీపట్టణమున సముద్రతీరమునే చేరును. సెలవులలో ఆ దారిని పోయి మంగినపూడి ఒడ్డున పిల్లలను అలలతో ఆడనిచ్చి, సాయంకాలము చేపల భోజనము చేయు కుటుంబములు కలవు. చందువ వేపుడు, వంజరపు ముక్కలు, రొయ్యల కూర, పీతల పులుసు, వేడి అన్నము. గట్టున పెరిగిన మన పిల్లలకు పీత పెంకు పగులగొట్టుటయే ఒక ఆట. ఉబ్బసము గల బిడ్డను ఆ విందునుండి వెలివేయ నక్కరలేదు. కొన్ని జాగ్రత్తలు చాలును.

రొయ్యలు, పీతలు కొందరికి పడవు. తినిన వెంటనే దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసము కలిగినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి గొనిపోవలెను. అట్టివా రా పదార్థమును మరల ముట్టరాదు. రొయ్యలు నల్లబడకుండుటకు కొన్నిచోట్ల సల్ఫైటు కలిపిన నీటిలో ముంచుదురు. అది కొందరు ఉబ్బస రోగులకు ఆయాసము రేపును. కనుక తాజా రొయ్యలను నమ్మకమైన చోట కొనుట మంచిది. వేపుడు నూనె పొగ కమ్ము గదిలో బిడ్డను కూర్చుండబెట్టక, గాలి తగులు చోట వడ్డింపవలెను. ఇంటిలోను ఇదియే నియమము. కట్టెపొయ్యి పొగ, దోమలచుట్ట, అగరువత్తి, పొగచుట్ట, పత్తి దుమ్ము, ఇవి చేపకంటె ఎన్నియో రెట్లు బిడ్డ ఊపిరిని బాధించును.

ఇల్లాలు గుర్తెరుగవలసిన లక్షణములు కొన్ని కలవు. రాత్రి తెల్లవారుజామున దగ్గు, నవ్వినను పరుగెత్తినను దగ్గు, జలుబు చేసిన ప్రతిసారియు ఎదలో పిల్లికూత, ఇవి కనబడినచో దగ్గుమందుతో కాలము గడపక వైద్యునకు చూపవలెను. ఆయాసమున బిడ్డ ఒక్క వాక్యము పూర్తిగా పలుకలేకున్నను, ప్రక్కటెముకల నడుమ చర్మము లోనికి పోవుచున్నను, పెదవులు నీలివర్ణము దాల్చినను, అది ప్రాణాపాయము. ఆ క్షణమున ఇంటి వైద్యములు పనికిరావు, ఆసుపత్రియే శరణ్యము. అంతవరకు బిడ్డను పరుండబెట్టక నిటారుగా కూర్చుండబెట్టి, వదలించు మందును స్పేసరుతో పీల్పించుచుండవలెను.

పాఠశాలలో ఉపాధ్యాయునకు సంగతి తెలుపుడు. డబ్బీని పెట్టెలో దాచక బిడ్డ సంచిలో నుంచుడు. ఆడపిల్ల యైనచో ఈ మాట మరింత గట్టిగా చెప్పుచున్నాను: పెండ్లికై దాచిన జబ్బు అత్తవారింట దాగదు; దాగినది మందు మాత్రమే యగును. గర్భము ధరించిన దినములలో మందు మానివేయుట తల్లికిని బిడ్డకును కూడ అపాయము. కళ్లద్దములు పెట్టుకొను పిల్లను మన మిప్పుడు వింతగా చూచుట లేదు. పీల్చు డబ్బీయు అట్టిదే కావలెను.

18 ఏండ్ల ప్రాయమున ఒక పిల్లవాడు తన ఆట ముగిసినదని తలచెను. ఆనాడు ఇంటివారును అట్లే తలచి బ్యాటును లోన పెట్టియున్నచో గ్లాస్గోలో ఆ 21వ పాయింటు మనది కాకపోవును. మన పిల్లలందరును పతకములు తెత్తురని కాదు. తోటివారితో కలిసి వీధి చివరివరకు పరుగెత్తి, చెమటతో తిరిగివచ్చి, ఆకలితో కంచము ముందు కూర్చుండుటయే ఏ బిడ్డకైనను గొప్ప గెలుపు. సోదరులారా, సోదరీమణులారా, మందును వేళకు పీల్పించి బంతిని అటుకమీదినుండి దింపుడు.